పెద్ద క్లబ్బుకు ఆడనివాడు పెద్ద కోచ్ కాగలడా? పి.కె. బెనర్జీ నడిచిన దారి

ప్రశ్న: వయసు 28. యూనివర్సిటీకి, ఆ తర్వాత ఒక డిపార్ట్‌మెంట్ జట్టుకు వింగర్‌గా ఆడాను. మోకాలి లిగమెంట్ రెండోసారి తెగింది. కోచింగ్‌లోకి వెళ్దామనుకుంటే, పెద్ద క్లబ్బుకు ఆడనివాడి మాట ఎవడు వింటాడని ఇంట్లోనూ బయటా అంటున్నారు. ఆట ఆపేసి కోచ్‌గా నిలబడినవాళ్లు మన దేశంలో ఎవరున్నారు? వాళ్లు ఏం చేశారు?

జవాబు:

తమ్ముడూ, నీ ప్రశ్న చదవగానే నాకు తట్టిన పేరు ప్రదీప్ కుమార్ బెనర్జీ. కోల్‌కతాలో అందరి నోటా ఆయన పి.కె. లేదా ప్రదీప్‌దా. నువ్వూ వింగర్‌వే అన్నావు, ఆయన కుడి వింగర్, అంటే మైదానం కుడి అంచున దూసుకెళ్లే ఫార్వర్డ్. మీ ఇంట్లోవాళ్లు అంటున్న మాటకు ఆయన జీవితాన్ని మించిన జవాబు నాకు తెలియదు. కోల్‌కతా ఫుట్‌బాల్ అంటే మూడు క్లబ్బులు: మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మహమ్మడన్ స్పోర్టింగ్. ఆటగాడిగా పి.కె. ఈ మూడింటిలో ఏ ఒక్కదాంట్లోనూ చేరలేదు. కోచ్‌గా మాత్రం మొదటి రెండింటి చరిత్రనీ ఆయన పేరు లేకుండా రాయలేరు.

నేను ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో పెరిగిన తెలుగువాణ్ణి. నాన్నగారు వర్క్‌షాపులో పనిచేసేవారు. మా వీధిలో సగం ఇళ్లు శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చినవే. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, రేడియోలో బెంగాలీ ఫుట్‌బాల్ కామెంటరీ. ఆ తర్వాత సికింద్రాబాద్ వచ్చి ముప్పై ఏళ్లుగా స్కూలు పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతున్నాను. కాబట్టి పి.కె. కథని అభిమానిగా కొంత, ఈ పనిలో ఉన్నవాడిగా కొంత చెబుతాను.

ఆయన పుట్టింది 1936 జూన్ 23న, ఉత్తర బెంగాల్‌లోని జల్పాయిగురి జిల్లాలో. పెరిగింది జంషెడ్‌పూర్‌లో. పదిహేనేళ్లకే రాష్ట్రాల జట్ల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీలో బిహార్ తరఫున ఆడాడు. 1954లో కోల్‌కతా వచ్చి ఆర్యన్ క్లబ్బులో ఒక సీజన్ గడిపి, మరుసటి ఏడాది ఈస్టర్న్ రైల్వేలో చేరాడు. ఉద్యోగమూ అక్కడే, ఆటా అక్కడే. అప్పటికే దేశం తరఫున ఆడుతున్న కుర్రాడికి పెద్ద క్లబ్బుల తలుపులు మూసి ఉండవు కదా. అయినా రైల్వేను వదల్లేదు. 1958లో ఆ రైల్వే జట్టే కోల్‌కతా లీగ్ గెలిచింది. ఆ మూడు క్లబ్బులను దాటి మరో జట్టు లీగ్ గెలవడానికి మళ్లీ 61 ఏళ్లు పట్టింది. 2019లో పీర్‌లెస్ గెలిచేదాకా ఆ ముచ్చట లేదు. ఈ లెక్క ఎందుకు చెబుతున్నానంటే, మైదానం నిండా అవతలి జట్టు అభిమానులే ఉండగా ప్రతి వారం ఆడి గెలవడం ఎలా ఉంటుందో పి.కె. కోచ్ కాకముందే ఒంటికి పట్టించుకున్నాడు. పెద్ద క్లబ్బులో పెరిగినవాడికి ఆ చదువు దొరకదు.

రెండో చదువు మన హైదరాబాద్‌ది. అప్పుడు భారత జట్టు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం, హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును తీర్చిదిద్దిన బడిపంతులు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆయన జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్‌కు వెళ్లి, చివరికి నాలుగో స్థానంలో నిలిచింది. ఆ జట్టులో పి.కె.కి ఇరవై ఏళ్లు. 1960 రోమ్ ఒలింపిక్స్‌కు ఆయనే కెప్టెన్. ఫ్రాన్స్‌తో 1-1గా ముగిసిన మ్యాచ్‌లో మన గోల్ ఆయనదే. హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టింది సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం. పి.కె., చునీ గోస్వామి, బలరాం: ఈ ముగ్గురి పేర్లూ ఇప్పటికీ కలిపే చెబుతారు.

1962 జకార్తా ఆసియా క్రీడల దగ్గర నేను కాస్త ఆగాలి, ఎందుకంటే పి.కె. లోపల కోచ్ పుట్టింది అక్కడేనని నా నమ్మకం. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడారు. తర్వాత థాయిలాండ్ మీద 4-1తో గెలిచారు గాని, స్టాపర్ (వెనక మధ్యలో నిలబడే డిఫెండర్) జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. జపాన్‌ను 2-0తో ఓడించారు. సెమీస్‌కు వచ్చేసరికి రహీం సాబ్ ఏం చేశారో చూడు. తల గాయంతో వెనక నిలబడి ప్రతి బంతినీ తలతో కొట్టాల్సిన డిఫెండర్‌ను తీసుకెళ్లి సెంటర్ ఫార్వర్డ్‌గా నిలబెట్టారు. జర్నైల్ సెమీస్‌లో దక్షిణ వియత్నాం మీద ఒక గోల్ కొట్టాడు, 3-2తో గెలిచారు. ఫైనల్లో మళ్లీ అదే దక్షిణ కొరియా. జ్వరంతో కొన్ని మ్యాచ్‌లకు దూరమైన పొడగరి గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్‌ను తిరిగి దింపారు. సెప్టెంబర్ 4న, లక్షమంది మన జట్టును గేలి చేస్తున్న స్టేడియంలో (ఇజ్రాయెల్, తైవాన్‌లను క్రీడలకు రానివ్వని విషయంలో మన అధికారి ఒకరు ఇండోనేషియాను విమర్శించారని అక్కడివాళ్లకు కోపం) 17వ నిమిషంలో పి.కె. గోల్, 20వ నిమిషంలో జర్నైల్ గోల్. 2-1తో స్వర్ణం. ఆ క్రీడల్లో పి.కె. మొత్తం నాలుగు గోల్స్ కొట్టాడు.

ఫైనల్‌కు ముందు రాత్రి రహీం సాబ్ కుర్రాళ్లను కూర్చోబెట్టి, రేపు నాకో కానుక కావాలి, అది ఆ బంగారు పతకమేనని అడిగారని ఆ జట్టువాళ్లు ఏళ్ల తరబడి తలచుకున్నారు. అప్పటికే ఆయన ఊపిరితిత్తులను క్యాన్సర్ తినేస్తోంది. 1963 జూన్ 11న పోయారు. వినేవాళ్లకు ఆ కానుక మాటే గుండెకు తగులుతుంది, నాకూ తగిలింది. కానీ కోచ్ కావాలనుకునే నువ్వు దానికి ముందు జరిగినది చూడాలి. ఎవరిని ఎక్కడ నిలబెట్టాలో, ఏ గోల్‌కీపర్ కావాలో ముందే తేల్చుకుని, ఆ తర్వాత నోరు విప్పారు. మర్నాడు ఏం చేయాలో ప్రతి ఆటగాడికీ తెలుసు. తెలిసినవాడిలోనే మాట పనిచేస్తుంది. ఆ గదిలో కూర్చుని విన్న పి.కె. దీన్ని బాగా పట్టుకున్నాడు.

గాయాల వల్ల 1967లో ఆట ఆపేశాడు. అప్పటికి అర్జున అవార్డు పొందిన మొదటి ఫుట్‌బాలర్ ఆయన (1961), రెండు ఒలింపిక్స్ ఆడినవాడు. ఆ పేరు చెప్పుకుని మర్నాడే ఏదో ఒక జట్టు బెంచి మీద కూర్చోవచ్చు. అలా చేయలేదు. 1969లో జపాన్ వెళ్లి, అంతర్జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య నడిపిన కోచింగ్ కోర్సులో విద్యార్థిగా కూర్చున్నాడు. నేర్పినవాడు డెట్‌మార్ క్రామర్ అనే జర్మన్. జపాన్ ఫుట్‌బాల్‌కు ఓనమాలు దిద్దించిన మనిషి. తర్వాత బేయర్న్ మ్యూనిక్‌కు 1975, 1976లలో వరుసగా యూరోపియన్ కప్ గెలిపించాడు. ఇక్కడ ఒక లెక్క వేసుకో. 1962లో మనం 2-0తో ఓడించిన జపాన్ ఆరేళ్లు తిరిగేసరికి మెక్సికో ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది. మనం ఓడించిన జట్టు దేశానికే వెళ్లి, వాళ్లు ఎలా ఎదిగారో పలకా బలపం పట్టుకుని నేర్చుకున్నాడు పి.కె. నా దృష్టిలో ఆయన మొత్తం జీవితంలో అన్నిటికన్నా పెద్ద నిర్ణయం అదే. దాని గురించే అందరూ తక్కువ మాట్లాడతారు.

మరుసటి ఏడాది, 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో భారత్‌కు కాంస్యం. ఆ జట్టు శిక్షకుల్లో పి.కె. ఒకరు, కెప్టెన్ హైదరాబాద్ వాడు సయ్యద్ నయీముద్దీన్. తర్వాతి కాలంలో నయీముద్దీన్ కూడా భారత జట్టుకు కోచ్ అయ్యాడు, కోచ్‌లకిచ్చే ద్రోణాచార్య అవార్డు అందుకున్నాడు. నీ ప్రశ్నకు అదొక జవాబు. ఆయన కథ ఇంకోసారి రాస్తాను.

1972లో ఈస్ట్ బెంగాల్ పి.కె.ని పిలిచింది. నాలుగు సీజన్లున్నాడు, నాలుగు సార్లూ లీగ్ గెలిచారు, నాలుగు సార్లూ కోల్‌కతాలో జరిగే ఐ.ఎఫ్.ఎ. షీల్డ్ అనే కప్పు గెలిచారు. 1973 షీల్డ్ ఫైనల్లో ఉత్తర కొరియా నుంచి వచ్చిన ప్యాంగ్యాంగ్ జట్టును 3-1తో ఓడించారు. అప్పట్లో విదేశీ జట్టు మీద అలా గెలవడం మామూలు సంగతి కాదు.

ఆ జట్టుకు గుండెకాయ మన హైదరాబాదీ మహమ్మద్ హబీబ్. మనిషి పొట్టి, మాట తక్కువ, తొంభై నిమిషాలూ పరుగే. కోల్‌కతా మైదాన్‌లో ‘బడే మియా’ అంటే ఆయనే. తమ్ముడు అక్బర్ పక్కనే ఫార్వర్డ్. మరోపక్క సుభాష్ భౌమిక్ అని భారీ ఫార్వర్డ్. బరువు పెరిగాడు, పనైపోయిందని జనం అనుకుంటున్న రోజుల్లో పి.కె. అతణ్ణి చేరదీసి, చెమట కక్కించి, మళ్లీ గోల్స్ కొట్టించాడు. హబీబ్‌కు పొగడ్త అక్కర్లేదు, భౌమిక్‌కు భుజం మీద చెయ్యి కావాలి. ఎవరికి ఏది కావాలో తెలుసుకోవడమే ఆయన పద్ధతి. కోల్‌కతా పత్రికలు దీనికి ‘వోకల్ టానిక్’ అని పేరు పెట్టాయి. మాటలతో ఎక్కించే మందు అన్నమాట. పేరు నిలిచిపోయింది గాని, దానివల్ల ఒక అన్యాయం జరిగింది. పి.కె. అంటే డ్రెస్సింగ్ రూములో ఉపన్యాసాలిచ్చే మనిషని చాలామంది అనుకుంటారు. ఉదయం ప్రాక్టీసులో ఏం చేయించాడో ఎవరూ అడగరు.

1975 సెప్టెంబర్ 30, షీల్డ్ ఫైనల్. ఈస్ట్ బెంగాల్ 5, మోహన్ బగాన్ 0. ఆ ఫలితాన్ని ఆ రెండు క్లబ్బుల ఇళ్లలో ఈనాటికీ తారీఖుతో సహా చెబుతారు. మరుసటి సీజన్‌కు మోహన్ బగాన్ చేసిన పని చూడు: తమకు అయిదు గోల్స్ పెట్టిన జట్టు కోచ్‌నే తెచ్చుకుంది. హబీబ్, అక్బర్ కూడా 1976లో మోహన్ బగాన్‌లోనే ఉన్నారు. ఆ ఏడాది లీగ్‌లో ఈ రెండు క్లబ్బుల మధ్య జరిగిన డెర్బీలో ఆట మొదలైన 17 సెకన్లకే అక్బర్ గోల్ కొట్టాడు. ఆ ఒక్క గోల్‌తోనే మ్యాచ్ గెలిచారు. వరుసగా ఆరేళ్లు లీగ్ ఎత్తుకుపోయిన ఈస్ట్ బెంగాల్‌కు అక్కడితో అడ్డుకట్ట పడింది.

1977 నాకు బాగా గుర్తున్న ఏడాది, నాకప్పుడు పన్నెండేళ్లు. లీగ్ మళ్లీ ఈస్ట్ బెంగాల్‌కు పోయింది. పి.కె. మీద విమర్శలు. అదే సమయంలో పెలే ఆడే న్యూయార్క్ కాస్మోస్ జట్టు మోహన్ బగాన్‌తో ఆడటానికి కోల్‌కతాకు వచ్చింది. సెప్టెంబర్ 24, ఈడెన్ గార్డెన్స్, వాన పడి బురదగా ఉన్న నేల. మా క్వార్టర్లలో ఒక్క రేడియో చుట్టూ ఇరవైమంది. కార్లోస్ ఆల్బెర్టో కాస్మోస్‌కు మొదటి గోల్ చేస్తే, వెంటనే శ్యామ్ థాపా సమం చేశాడు. తర్వాత హబీబ్ గోల్ కొట్టగానే మా వీధి తెలుగువాళ్లంతా ‘మన హైదరాబాదీ’ అని గంతులేశారు. అంతకుముందు ఎవరూ హైదరాబాద్ మొహం చూసినవాళ్లు కాదు. చివర్లో కినాలియా పెనాల్టీతో 2-2 అయింది. పెలేను పట్టుకునే పని గౌతమ్ సర్కార్‌కు అప్పగించారు, పెలేకు గోల్ దక్కలేదు. పెలే వయసప్పుడు 36, వచ్చింది ప్రదర్శన మ్యాచ్‌కు, ఒప్పుకుంటాను. కానీ ఆ మ్యాచ్‌ను పి.కె. వాడుకున్న తీరు గొప్పది. ప్రపంచస్థాయి జట్టుతో సమంగా నిలిచామన్న ధీమా ఇంకా వేడిగా ఉండగానే షీల్డ్ ఫైనల్లో ఈస్ట్ బెంగాల్‌ను 1-0తో ఓడించారు. ఆ సీజన్‌లోనే రోవర్స్, డ్యూరాండ్ కప్పులు కూడా గెలిచారు. లీగ్ పోగొట్టుకున్న జట్టు మూడు కప్పులతో ముగించింది. ఆ జట్టులో పి.కె. సొంత తమ్ముడు ప్రసూన్ కూడా ఉన్నాడు.

ఇప్పుడు రెండో వైపు కూడా చెప్పాలి, లేకపోతే నీకు సగం నిజమే చెప్పినట్టవుతుంది. భారత జట్టు కోచ్‌గా పి.కె. క్లబ్బుల్లో చేసినంత చేయలేకపోయారు. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల్లో సొంతగడ్డ మీద క్వార్టర్ ఫైనల్లో సౌదీ అరేబియా చేతిలో 0-1తో ఓడారు. ఆయనకు ఆట తెలియక కాదు. ఆసియాలో మిగతా దేశాలు ఇరవై ఏళ్లలో ముందుకెళ్లిపోయాయి, మన దగ్గర క్లబ్బులకూ జాతీయ శిబిరానికీ మధ్య ఆటగాళ్ల కోసం పెనుగులాట. క్లబ్బులో కోచ్‌కు ఆటగాడు ఏడాదంతా కళ్లముందుంటాడు, వాడి ఇంటి సంగతి కూడా తెలుస్తుంది. పి.కె. బలం అక్కడే ఉంది. శిబిరంలో ఆ చనువుకు సమయం చాలదు. నీ బలం ఏ చోట పనిచేస్తుందో ముందే తెలుసుకో అని నేను కుర్ర కోచ్‌లకు చెప్పేది దీన్నిబట్టే.

ఆ తర్వాత 1990లలో జంషెడ్‌పూర్‌లో టాటా ఫుట్‌బాల్ అకాడమీకి సాంకేతిక దర్శకుడిగా ఉండి పిల్లలను తయారుచేశారు. తాను బాల్యంలో ఆడిన ఊరికే మళ్లీ వెళ్లారు. పెద్ద కప్పులు గెలిచినవాడు పదహారేళ్ల పిల్లలకు పాస్ ఇవ్వడం నేర్పడానికి ఒప్పుకోవడం నాకు చాలా ఇష్టమైన ఘట్టం.

1997 జూలై 13న ఫెడరేషన్ కప్ సెమీఫైనల్. అరవై దాటిన పి.కె. ఈస్ట్ బెంగాల్ బెంచి మీద, అమల్ దత్తా మోహన్ బగాన్ బెంచి మీద. అమల్ దత్తా కూడా దేశానికి ఆడి కోచ్ అయినవాడే, సొంత ఖర్చుతో ఇంగ్లండ్ వెళ్లి కోచింగ్ నేర్చుకున్నవాడు. ఆటగాళ్లను వజ్రం ఆకారంలో నిలబెట్టే ఆయన ‘డైమండ్’ అమరిక ఆ ఏడాది దుమ్ము రేపుతోంది. ఆ మ్యాచ్‌కు సాల్ట్ లేక్ స్టేడియంలో లక్షా ముప్పై వేలకు పైగా జనం. ముందురోజుల్లో పత్రికల్లో వచ్చిన ఎగతాళి మాటలనే పి.కె. తన కుర్రాళ్లకు మందుగా మార్చాడు. ఫలితం 4-1, బైచుంగ్ భూటియా హ్యాట్రిక్. ఫైనల్లో మాత్రం గోవా జట్టు సల్గావ్కర్ చేతిలో ఓడిపోయారు, అదీ గుర్తుంచుకో. ఇద్దరు మాజీ ఆటగాళ్లు, ఇద్దరూ పరాయి దేశం వెళ్లి చదువుకుని వచ్చినవాళ్లు, వాళ్ల బుర్రల పోటీ చూడటానికి అంత జనం వచ్చారు. మన దేశంలో కోచ్‌ల పేరు మీద అంత జనం కదిలిన రోజు నాకు మరొకటి తెలియదు.

ఇక నీ సంగతి. ముందు మోకాలు చూసుకో. కోచ్ కూడా రోజూ మూడు గంటలు కాళ్ల మీద నిలబడాలి. ఆ తర్వాత లైసెన్స్. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య డీ, సీ, బీ, ఏ, ప్రో అని మెట్లు పెట్టింది. పై మెట్టు ఎక్కాలంటే కింది మెట్టు మీద కొన్నాళ్లు నిజంగా జట్టును నడిపి ఉండాలి. పెద్ద క్లబ్బుకు ఆడావా లేదా అని పదమూడేళ్ల పిల్లలు అడగరు, నువ్వు చెప్పినట్టు చేస్తే బంతి కాలికి అతుక్కుంటోందా లేదా అనే చూస్తారు. కాబట్టి వాళ్లతో మొదలుపెట్టు. వింగర్‌గా నువ్వు ఆడిన ప్రతి మంచి మ్యాచ్‌లో, చెడ్డ మ్యాచ్‌లో నీ ఫుల్‌బ్యాక్ ఎక్కడున్నాడో, బంతి నీకు ఎటు నుంచి వచ్చిందో గుర్తున్నంతవరకు ఒక నోటు పుస్తకంలో రాసుకో. ఆటగాడిగా ఒంటికి తెలిసినది కోచ్‌గా నోటికి రావాలంటే మధ్యలో చేతితో రాయాలి. నాకు అదొక్కటే దారి దొరికింది.

నేను కోచింగ్ మొదలుపెట్టిన కొత్తలో, ఒక స్కూలు జట్టు హాఫ్‌టైమ్‌కు 0-2తో వెనకబడి ఉంది. నేను కూడా పి.కె. లాగే మాట్లాడాలని పది నిమిషాలూ పిల్లల రక్తం మరిగేలా మాట్లాడాను. పిల్లలు అరుస్తూ మైదానంలోకి పరిగెత్తారు. అవతలి ఎడమ వింగర్‌ను ఎవరు పట్టుకోవాలో మాత్రం చెప్పలేదు. ఇంకో మూడు గోల్స్ ఆ పక్క నుంచే పడ్డాయి. మ్యాచ్ అయ్యాక మా రైట్ బ్యాక్ వచ్చి, ‘సార్, వాడు లోపలికి వస్తుంటే నేను వెళ్లాలా, వెనకే ఉండాలా?’ అని అడిగాడు. ఆ ప్రశ్నకు జవాబు హాఫ్‌టైమ్‌లో ఇవ్వాల్సింది. ఆ రాత్రే జకార్తా కథని కొత్తగా అర్థం చేసుకున్నాను. జర్నైల్‌ను ముందుకు జరిపాకే రహీం సాబ్ కానుక అడిగారు.

పి.కె. 2020 మార్చి 20న కోల్‌కతాలో కన్నుమూశారు, 83 ఏళ్ల వయసులో. నెల తిరిగేసరికి ఏప్రిల్ 30న చునీ, 2023 ఫిబ్రవరిలో బలరాం, అదే ఏడాది ఆగస్టు 15న హైదరాబాద్‌లో హబీబ్ వెళ్లిపోయారు.

పైన చెప్పిన సుభాష్ భౌమిక్ కూడా ఆట ఆపాక కోచ్ అయ్యాడు. 2003లో ఈస్ట్ బెంగాల్‌ను ఆగ్నేయాసియా క్లబ్బుల పోటీ అయిన ఆసియాన్ క్లబ్ కప్‌కు తీసుకెళ్లి, ఫైనల్లో థాయిలాండ్ జట్టు బెక్ టెరో ససానాను 3-1తో ఓడించాడు. ఆ ఫైనల్ జరిగింది జకార్తాలోనే.

నీ ఊరు, నువ్వు ఇప్పుడున్న లైసెన్స్ మెట్టు రాయి. దగ్గర్లో ఏ కోర్సుకు దరఖాస్తు చేయాలో చెబుతాను.